సన్యాసిరావు బంపరు

"ఈవేళ ఏదో ఒకటి కొంటావా, లేపోతే నా షాపు గుమ్మం తొక్కడం మానీస్తావా? తేల్చీ మావా!"

బంగార్రాజు అరుపుకి గోడకి ఆనించిన ఉక్కు బంపర్లు కూడా గుయ్యిమన్నాయి. సన్యాసిరావు టీ గ్లాసు కింద పెట్టాడు.

కోపం రాదా మరి! రాయపూర్ రోడ్డు మీద పికప్ బళ్లకి బంపర్లు చేసి బిగించే షాపు బంగార్రాజుది. తఖత్‌పూర్ నుంచి ఇందాకే కూరగాయల పికప్ నడిపేవాడొకడు వచ్చి, అన్నిటికన్నా పెద్ద బంపరు బేరమాడి, డబ్బు తీయడానికి జేబులో చెయ్యి కూడా పెట్టాడు. సరిగ్గా అప్పుడే సన్యాసిరావు హిందీలో ఓ ఉచిత సలహా పారేశాడు. "ఆగు భయ్యా, అంత బరువు ముందు కడితే స్టీరింగు తిరగదు." వాడు ఖాళీ చెయ్యే బయటికి తీసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

"ఉన్నమాటే కదా అన్నాను అల్లుడూ."

"నీ ఉన్నమాట నా కడుపు మీద కొట్టింది. ఎన్ని ఆదివారాల నుంచి చూస్తన్నావు? పైపుది చూపిస్తే పోలీసోడు చలాన్ రాస్తాడంటావు. రేకుది చూపిస్తే పల్చనంటావు. మందంది చూపిస్తే టైర్లు అరిగిపోతాయంటావు. అరే, పిల్లని చూడ్డానికెళ్లినోడైనా ఈపాటికి పెళ్లాడి ఇద్దర్ని కనీసేవోడు!"

సన్యాసిరావు నవ్వాడు. బంగార్రాజు నవ్వలేదు.

ఆ నవ్వని మొహం చూసేసరికి సన్యాసిరావుకి భయమేసింది. ఇక ఈ బల్ల మీద కూర్చోనివ్వడేమో. రైల్వేలో రిటైరయ్యాక తనని "మావా" అని పిలిచే నోరు ఈ హిందీ ఊరు మొత్తానికి ఇదొక్కటే. ఆదివారం ఇక్కడ ఆడిన నాలుగు మాటల్నీ ఆవు గడ్డి నెమరేసినట్టు శనివారం దాకా నెమరేసుకుంటాడు.

"సరే. తీసుకుంటాను," అన్నాడు గబుక్కున.

చిక్కల్లా ఒక్కటే. సన్యాసిరావుకి పికప్ బండి లేదు. కొనే ఆలోచనా లేదు. ఆయనకసలు డ్రైవింగే రాదు. ఒకరోజు వానకి ఈ షాపు రేకుల కింద నిలబడి ఆ వానని తెలుగులో తిట్టుకుంటుంటే, లోపల్నుంచి "ఏటి మావా, ఏటి కావాలి?" అని వినపడింది. అలా అడిగినవాణ్ని వదిలి పోబుద్ధి కాలేదు. ఎదురుగా కనపడ్డది చూసి "బంపరు" అనేశాడు. అంతే.

"ఏది?" అన్నాడు బంగార్రాజు, ఇంకా నమ్మకం కుదరక.

"ఆ నల్లది. వానాకాలం బెల్తరా రోడ్డు నిండా గొడ్లే పడుకుంటన్నాయి. గట్టిదుండాల."

"అచ్ఛా! ఇన్నాళ్లకి నోట్లోంచి ముత్యం రాలింది. బండి ఎప్పుడు తెస్తావు?"

"బండెందుకు? ఇది ఇచ్చీ. ఇంటికాడ నానే బిగించుకుంటాను."

"నువ్వా? ఒక కొస ఎత్తితే నీ నడుం రెండు ముక్కలవుద్ది. చలో, నానే వచ్చి బిగిస్తాను. బిగించాకే డబ్బులు."

వద్దన్నకొద్దీ బంగార్రాజుకి హుషారు ఎక్కువైంది. షాపు షట్టరు దించి, బంపరుని లోడింగ్ ఆటోలోకి ఎక్కించి, సన్యాసిరావుని పక్కన కూలేసుకుని బయల్దేరాడు.

దారి పొడుగునా సన్యాసిరావు అబద్ధాలు వెతుక్కున్నాడు. బండి కిరాయికి వెళ్లిందంటే, వచ్చేదాకా కూర్చుంటానంటాడు. దొంగలెత్తుకుపోయారంటే, పద పోలీస్ స్టేషన్‌కి అంటాడు. నిజం చెబితే ఇన్ని ఆదివారాలూ వెర్రివాణ్ని చేశావా అని మొహం మీద ఉమ్మేస్తాడు. రైలు గేటు పడితే బాగుణ్నని మొక్కుకున్నాడు. పడింది. కానీ బొగ్గు గూడ్సు ఎంత పొడుగుంటే మాత్రం, ఎప్పటికో అప్పటికి అయిపోతుంది కదా.

కుదుదండ్‌లో సన్యాసిరావు ఇంటి ముందు ఆటో ఆగింది. లోపల్నుంచి మాటలు వినపడుతున్నాయి.

"ఇంట్లో ఎవలో ఉన్నారే. బండి ఆళ్లేటి తోల్తారు?" అని అడిగాడు బంగార్రాజు.

సన్యాసిరావు మొలలోంచి తాళంచెవి తీశాడు. బయట తాళం వేసిన ఇంట్లో మాటలేమిటా అని బంగార్రాజు మెడ సాచి చూశాడు. తలుపు తెరుచుకుంది. పక్కబట్టల మడత విప్పని మంచం ఎదురుగా టీవీ తన మానాన తను మాట్లాడుకుంటోంది.

"ఆపను అల్లుడూ," అన్నాడు సన్యాసిరావు. "తాళం తీసేసరికి లోపల ఎవలో ఉన్నట్టుంటాది."

బంగార్రాజు వెనక్కి తిరిగి వాకిలి చూశాడు. సైకిలు తప్ప మరొకటి దూరని గేటు. మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిని పుట్టినప్పట్నుంచీ ఏ చక్రమూ తొక్కలేదని చిన్నపిల్లాడైనా చెబుతాడు.

సన్యాసిరావు తలొంచుకుని నిలబడ్డాడు. "అల్లుడూ, అసలు సంగతేటంటే..." అన్నాడు.

బంగార్రాజు జేబులోంచి కొలత టేపు తీశాడు. గడ్డిలోకి దిగి, ఒక కొస ఇటు పట్టుకోమని సన్యాసిరావు చేతికిచ్చి, ఏమీ లేని చోట అటు చివరిదాకా లాగి, వంగి అంకె చూసి, పెదవి విరిచాడు.

"నీ బండికిది చాలదు మావా. వచ్చే ఆదివారం రా, ఇంకోటి చూద్దాం."