ఎవరూ ఎరగని చోట

ఆస్పత్రి కాగితం మీద భార్య రాసిన ఊరి పేరును ఆల్విన్ అడ్డంగా కొట్టేశాడు.

"అడిలైడ్ ఎందుకే? ఐదు గంటల ప్రయాణం! మన మౌంట్ గాంబియర్ ఆస్పత్రి పది నిమిషాల దూరం. ముప్పై ఏళ్లు నర్సుగా చేశావు, అక్కడ నిన్ను నెత్తిన పెట్టుకుంటారు."

నోరీన్ టోస్టుకు వెన్న రాస్తూనే ఉంది. గర్భసంచి తీసే ఆపరేషన్‌కు ఇంకా మూడు వారాలుంది. కాగితం మాత్రం మధ్యాహ్నంలోగా డాక్టరుకు అందాలి.

ఆల్విన్ వంటింట్లో అటూ ఇటూ తిరగసాగాడు. "ఇక్కడి సర్జన్ మంచివాడు కాదా?"

"బంగారం లాంటి మనిషి."

"వార్డు బాగుండదా?"

"ఆ వార్డుకు కర్టెన్లు ఎంచింది నేనే."

"మరి నీ బాధేంటి? చెప్పి ఏడవ్వే!"

నోరీన్ చాకు పక్కన పెట్టింది.

"అక్కడ ఎంతమంది చెయ్యి పట్టుకుని 'ఏం కాదు, భయపడకు' అన్నానో లెక్కలేదు. ఇప్పుడున్న నర్సు పిల్లలకు పని నేర్పింది కూడా నేనే. వాళ్ల ముందు ఎలా ఏడవను, ఆల్విన్?"

అతను ఆగిపోయాడు. నోరీన్ అంటే, సొంత తల్లి అంత్యక్రియల రోజున కూడా వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ టీ పోసిన మనిషి. ఆమె నోట ఏడుపు మాట ఇప్పుడే వింటున్నాడు.

కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"అంత భయంగా ఉందా?"

ఇన్నేళ్ల కాపురంలో అతను ఆ మాట అడగడం అదే మొదలు.

"మత్తిచ్చాక మళ్లీ మెలకువ రాదేమోనని..." అంటూ మొదలుపెట్టింది నోరీన్. 'ఏం కాదులే' అనబోయి, అతను నోరు మూసుకుని వినసాగాడు.