అందని మాట

తెర మీద మతగురువు గడపలో ఆగిపోయాడు. బయట వానలో కూతురు, ఆ పిల్ల పక్కన వేరే మతం కుర్రాడు. గురువు చెయ్యి చాచాడు, నోరు తెరిచాడు. మాట రాలేదు.

హాల్లో నాలుగో వరసలో కూర్చున్న ఆవిడ పెదవులు వాటంతట అవే కదిలాయి. "దేవుడు మూసిన తలుపు తెరవడానికి నేనెవర్ని? వెళ్లు."

ఆవిడ ఆ గురువు వేషం వేసిన నటుడి భార్య. ఇదే కథ నాటకంగా ఆడిన పాతికేళ్లూ స్టేజీ పక్కన తెర చాటున నిలబడి ఆయనకు డైలాగులు అందించింది. ఆయనది గంట లాంటి గొంతు. జ్ఞాపకం మాత్రం జల్లెడ. ఎక్కడ తడబడినా ఆవిడ మాట ఠక్కున అందేది. ఎంత నేర్పుగా అంటే, అది తనకే తట్టిందనుకుని ఆయన పలికేసేవాడు. గురువు కూతుర్ని గెంటేసే ఆ ఒక్క డైలాగుకే జనం లేచి నిలబడేవారు. పెళ్లీడు కూతుళ్లను లాక్కొచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టించిన తండ్రులూ లేకపోలేదు.

సినిమాలో గురువు గెంటెయ్యలేదు. కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

వెనక సీట్లో ఒకాయన గొణిగాడు. "నాటకంలో ఇలా లేదే! మతమన్నాక ఆమాత్రం పట్టింపు ఉండొద్దూ?"

"చాల్లెండి సంబడం," అంది ఆయన భార్య, ముక్కు చీదుకుంటూ. "కన్నపిల్ల కంటే పట్టింపా?"

నటుడి భార్యకు మాత్రం ఏడుపు రాలేదు. పన్నెండేళ్లుగా రావడం లేదు. పన్ను పీకేముందు మత్తిస్తే చెంప ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంటోంది. వండుతుంది, తింటుంది, పడుకుంటుంది.

పన్నెండేళ్ల కిందట వాళ్ల సొంత కూతురే అలా ఓ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన సరిగ్గా నాటకంలో మాటే అన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పిల్ల మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు. బంధువులు ఆయన్ని దుమ్మెత్తిపోశారు. "ఇంట్లో కూడా వేషాలేనా? రాతిగుండె మనిషి!" ఆవిడ ఔననలేదు, కాదనలేదు.

సినిమా అయ్యాక డైరెక్టరు ఆవిడ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, నిజం చెప్పేస్తున్నా. నేను రాసుకున్నదీ గెంటెయ్యడమే! షూటింగులో సార్ డైలాగ్ మర్చిపోయారు. మా దగ్గర అందించేవాళ్లు ఉండరు కదా, కెమెరా ఆపకుండా చూస్తూ ఉండిపోయాను. మాట అందకపోయేసరికి సారే ఆ అమ్మాయిని లోపలికి తీసుకొచ్చేశారు. దాన్నే ఉంచేశాం."

"వయసు మీద పడింది బాబూ, గుర్తుండి చావడం లేదు," అన్నాడు పక్కనే ఉన్న భర్త సిగ్గుపడుతూ.

"ఆయనకు ఎప్పుడూ గుర్తుండేది కాదు," అంది ఆవిడ. డైరెక్టరు పకపకా నవ్వాడు.

ఇంటికి వెళ్తుంటే కారులో ఆయన నెమ్మదిగా అడిగాడు.

"ఈ సినిమా చూస్తే... మన పిల్ల వస్తుందంటావా?"

"ఫోన్ చేసి రమ్మనండి."

"నువ్వు చెయ్యి. తల్లివి. దాని కోపమంతా నా మీదే."

"మీ మీద కాదు. మీరు పిలిస్తే వస్తుంది."

"అదేమిటే? పొమ్మన్న నోరు నాదే కదా!"

ఆవిడ కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ రోజు కూడా ఆయన చెయ్యి చాచి, నోరు తెరిచి, మాట రాక గడపలో అలాగే నిలబడిపోతే, వెనక వంటింటి తలుపు చాటునుంచి, పిల్ల చూస్తుండగానే, అలవాటు కొద్దీ, ఆ మాట అందించింది ఆవిడే.