పన్ను వద్దన్న ఊరు

ప్రాంతీయ రవాణా మండలి వచ్చాక, బస్సు పన్నుకు ఒప్పుకున్న ఊళ్లలోనే బస్సు ఆగుతోంది. వరహాలమ్మ ఊరు గ్రామసభలో పన్ను వద్దంది. ఆవిడా, భర్త సన్నిబాబూ కూడా చెయ్యెత్తి వద్దన్నవాళ్లే. అప్పటికి ఆయన కిడ్నీలు బాగానే ఉన్నాయి.

ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం పక్క ఊరి స్టాపు దాకా నడిచి, పట్నం బస్సెక్కాలి. ఆ ఉదయం ఊరు దాటకముందే సన్నిబాబు రోడ్డు పక్కన కూలబడ్డాడు. వెనక నుంచి బస్సు వస్తూ కనబడింది. వరహాలమ్మ వెళ్లి రోడ్డు మధ్యన నిలబడింది.

డ్రైవరు లేని ఆ బస్సు ఆవిడ ముందు మెత్తగా ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఇది స్టాపు కాదు. దయచేసి దారి ఇవ్వండి," అంది బస్సు.

"మా ఆయన నడవలేకపోతన్నాడు. పన్ను నేను కట్టేస్తాను, తలుపు తియ్యి బాబూ."

"ఊరంతా ఒప్పుకోవాలండి."

పై ఊళ్లో ఎక్కిన పైడమ్మ, వరసకు ఆడపడుచు, కిటికీలోంచి తల బయటపెట్టింది. "తప్పుకో వదినా. మాం డూటీలకెళ్లాలి కదేటి."

వరహాలమ్మకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పక్కకు జరిగింది. బస్సు ఆవిడకు ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోయింది.

"ఇయ్యాలకి ఇంటికెళ్లిపోదామే," అన్నాడు సన్నిబాబు.

ఆవిడ ఆయన చేతిని తన భుజం మీద వేసుకుని లేపి, పక్క ఊరి వైపే నడిపించింది. గంట తర్వాత అక్కడి స్టాపులో ఇంకో బస్సు తలుపు తెరిచి, ఇద్దరికీ స్వాగతం పలికింది. సన్నిబాబు అలవాటుగా దానికి దండం పెట్టాడు.