అనుబంధ ప్రశ్న

“మీ కాళ్లు పట్టుకుంటాను, ఈరోజు ఆ ప్రశ్న అడక్కండమ్మా!”

శాసనసభ లాబీలో దారికి అడ్డంగా నిలబడ్డ అమ్మాయిని చూసి ప్రతిపక్ష సభ్యురాలికి ఒళ్లు మండింది. ఆ ప్రశ్నను జాబితాలోకి ఎక్కించడానికి ఆవిడ నానా అగచాట్లూ పడింది. తన నియోజకవర్గంలోని ఆసుపత్రికి కాన్పుల డాక్టరు ఎందుకు లేరని ఆరోగ్యమంత్రిని కడిగిపారెయ్యాలని ఒకటే ఉబలాటం.

“నిన్ను మంత్రి పంపించాడా?”

“లేదమ్మా, ఆసుపత్రి నుంచే వస్తున్నాను. మీ ప్రశ్న జాబితాలోకి ఎక్కగానే ఆదరాబాదరాగా డాక్టర్ని పంపారు. కానీ సభలో జవాబు చెప్పేదాకానేనట. ‘డాక్టరు ఉన్నారు’ అని మంత్రిగారు అనడం ఆలస్యం, సాయంత్రానికల్లా వెనక్కి పిలిపించేస్తారు.”

“వీళ్ల తెలివి తగలెయ్య!”

“ప్రశ్న వాయిదా పడితే డాక్టరు ఇంకొన్నాళ్లు ఉంటారు. వచ్చే వారం ఒకమ్మాయికి కాన్పు. కవలలు. ఒక బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరు లేకపోతే…”

సభ్యురాలి కోపం చప్పున చల్లారింది. “నీ చెల్లెలా?” అని అడుగుతుండగానే గంట మోగింది. “సరే, నువ్వు పైన గ్యాలరీలో కూర్చో” అంటూ గబగబా లోపలికి నడిచింది.

ఆవిడ ప్రశ్న వంతు రానే వచ్చింది. మంత్రిగారు లేచారు. “ఆ ఆసుపత్రిలో డాక్టరు ఉన్నారు అధ్యక్షా. కనుక ప్రశ్న ఉత్పన్నం కాదు.”

అనుబంధ ప్రశ్న ఏదైనా ఉందా అని స్పీకరు అడిగారు. సభ్యురాలు లేచి నిలబడింది.

“అధ్యక్షా, మంత్రిగారికి మనస్ఫూర్తిగా ధన్యవాదాలు!”

ప్రతిపక్షం నోట ఆ మాట వినడం ఆ గోడలకే కొత్త. వెనక వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

“ఇంత మేలు చేసిన మంత్రిగారు, ఆ డాక్టర్ని అక్కడే ఉంచుతామని కూడా సభకు హామీ ఇస్తే, మా తల్లులంతా ఆయన పేరు చెప్పుకుంటారు.”

మంత్రిగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. వెనక కూర్చున్న అధికారి కంగారుగా చీటీ రాసి అందించేలోపే, “తప్పకుండా! ఆ డాక్టరు అక్కడే పనిచేస్తారు, హామీ ఇస్తున్నాను” అనేశారు. బల్లలు మోగాయి. సభలో ఇచ్చిన హామీ రికార్డులకెక్కుతుంది, తప్పితే నిలదీయడానికి ఓ కమిటీయే ఉంది. పాపం, అధికారి ఆ చీటీ నలిపి జేబులో వేసుకున్నాడు.

విరామంలో ఆ అమ్మాయి పరుగున వచ్చి సభ్యురాలి రెండు చేతులూ పట్టుకుంది. నవ్వుతోంది, ఏడుస్తోంది.

“మీ మేలు జన్మలో మరిచిపోనమ్మా!”

“ఆయనకి కూడా చెప్పు థాంక్స్. ఇన్నాళ్లు తిట్టినా కాని పని ఒక్క మంచి మాటకి చేసిపెట్టాడు.” సభ్యురాలికీ కళ్లు చెమర్చాయి. నిజంగానే ఆవిడకి ఆ క్షణాన మంత్రి మీద అభిమానం పుట్టుకొచ్చింది. “ఇంక బెంగ పెట్టుకోకు. ధైర్యంగా ఉండమని వెళ్లి నీ చెల్లెలితో చెప్పు.”

“చెల్లెలు కాదమ్మా, నా పేషెంటు. హెడ్డాఫీసులో ఫైళ్లు తిరగేస్తూ, నేను చదివింది వైద్యమన్న సంగతే మరిచిపోయాను. మీ ప్రశ్న పుణ్యమా అని వచ్చిన ఆ డాక్టర్ని నేనే!”