రన్నింగ్ కండిషన్

సోమవారం పది గంటలకల్లా పికప్ బండి కదలాలి. కదిలి, ఆగాలి. లేకపోతే క్రేన్ వస్తుంది.

విశ్వేశ్వర్ సారు శుక్రవారం పొద్దున పాతబస్తీ జహనుమా మలుపులో నిలబడి, చేతిలో ఇడ్లీ ప్లేటుతోనే ఈ మాట చెప్పాడు. రోడ్ల మీద అడ్డాలు తీయించే ఆఫీసులో ఆయన ఉద్యోగం. కొత్త ఆర్డరు ప్రకారం రోడ్డు పక్కన స్థిరంగా ఉన్న ప్రతిదీ అక్రమమే. కదిలేది వాహనం, దాని జోలికి పోరు.

"నీ బండి కదలంగ నేనైతే ఎన్నడు చూడలే బాబురావ్," అన్నాడు రెండో ఇడ్లీని చట్నీలో ముంచుతూ.

ఆ పాత పికప్ వెనక భాగంలోనే బాబురావూ, భార్య సక్కుబాయీ పొద్దుటి పూట ఇడ్లీ, దోసె వేసి ఇల్లు నడుపుకొస్తున్నారు. బండి పోతే పొయ్యి ఆరినట్టే.

సారు ఒక ఫారం ఇచ్చి పోయాడు. అందులో మూడే ప్రశ్నలు. వాహనం కదులుతుందా? బ్రేకు వేస్తే ఆగుతుందా? పొగ వదులుతుందా? ఏ మహానుభావుడు రాశాడో గాని, తెలుగులో, ఒక్క పేజీలో ఉంది.

మెకానిక్ షఫీఉద్దీన్ వచ్చి, జాకీ పెట్టి వెనక చక్రం తిప్పబోయాడు. తిరగలేదు. బండి కింద దూరి, కాసేపటికి మొహం మాడ్చుకుని బయటికొచ్చాడు.

"యాక్సిల్ షాఫ్ట్ వంగింది అన్నా. ఒక దిక్కు సీలు కాడ ఆయిల్ కారి బ్రేకు షూలు తడిసినయ్. ఇంకో దిక్కుయి తుప్పు పట్టి డ్రమ్ముకు అతుక్కున్నయ్. గిట్లయితే బండి కదలదు. గుంజి కదిలిస్తే మల్ల ఆగదు."

"అంటే రెండిట్ల ఫెయిలే!"

"ముందల గూడ చూడాల్నా?"

"దాని ఫికర్ చెయ్యకు భాయ్. ముందల ఏ తకరార్ లేదు. నువ్వు ఎనకది చూడు."

షఫీఉద్దీన్ బానెట్ వైపు ఓసారి చూశాడు. "ఔ, సహీ బాత్," అని నవ్వాడు.

పాత బండ్లు అమ్మే బార్కస్‌లో అదే మోడలు తుక్కు పికప్ ఒకటి దొరికింది. దాని షాఫ్టులు, డ్రమ్ములు విప్పుకొచ్చి ఈ బండికి ఎక్కించాడు. షూలు, సీళ్లు కొత్తవి వేశాడు. ఆ రెండు రోజులూ ఇడ్లీ తినడానికి వచ్చిన ప్రతివాడూ యాక్సిల్ మీద ఒక మాట వదిలి పోయాడు. రిటైర్డ్ క్లర్కు ప్రకాశం అయితే, వెనక బ్రేకులు శుద్ధ దండగని తేల్చేశాడు. ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు.

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి బయటికి పోవాలంటే ఒకరు పెడల్ తొక్కుతుండాలి. ఆ పని సక్కుబాయి మీద పడింది. "తొక్కు అక్కా. పట్టు. ఇడువు," అని కింద నుంచి షఫీఉద్దీన్ కేకలు. దోసెలు తిప్పే మనిషి, ఆదివారమంతా పెడల్ తొక్కింది.

సోమవారం సారు వచ్చి బాబురావు పక్కన కూర్చున్నాడు. సక్కుబాయి కిటికీలోంచి మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"మెల్లగ ఆపు. గట్టిగ తొక్కినవంటే నా చేతుల అయిపోతవ్."

"సారు కూసున్నడు, నాకు తెల్వదా?"

"సారు సంగతి ఎవలడిగిన్రు?"

చక్రాల కింద రాళ్లు తీశారు. బాబురావు తాళంచెవి తిప్పి, దేవుళ్లందరికీ ఒకేసారి దండం పెట్టి, హ్యాండ్ బ్రేకు దించాడు. బండి కదిలింది. షఫీఉద్దీన్ సైలెన్సర్ లేని తన స్కూటర్ మీద వెంటే బయల్దేరాడు. ఏమన్నా అయితే తోడుండాలి గదా. ఆ మోతకు గల్లీ అంతా దద్దరిల్లింది. సారు ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోను ఆనించాడు. దారి పొడుగునా ఫోనే.

ఆ గల్లీ పైనుంచి కిందిదాకా ఒకటే దిగుడు. బండి జోరందుకుంది. సరిగ్గా కింద, సారు జీపు ఆగి ఉన్నచోట, ఒక మేక అడ్డం వచ్చింది. బాబురావు పెడల్ మీద కాలు మెత్తగా ఆనించి, మెత్తగా అదిమాడు. బండి అటూ ఇటూ లాగకుండా, మేకకు జానెడు దూరంలో నిలబడింది. సారు చెవి దగ్గరి ఫోను కూడా కదల్లేదు.

"కదిలింది," టిక్కు. "ఆగింది," టిక్కు. "పొగ?"

బాబురావు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా అమ్మ మీద ఒట్టు సార్. పదకొండేండ్ల సంది జరంత పొగ గూడ రాలే."

"అందరు గిదే చెప్తరు," అంటూ సారు దిగి, సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి చూశాడు. వేలికి తుప్పు తప్ప రవ్వంత మసి అంటలేదు. ఆయన మొహంలో నిజమైన గౌరవం కనిపించింది.

"నీ అసొంటోళ్లు పదిమంది ఉంటే ఈ సిటీ గాలి బాగుపడ్తది బాబురావ్!"

మూడో టిక్కు కూడా పెట్టాడు. 'రన్నింగ్ కండిషన్' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి జీపెక్కి వెళ్లిపోయాడు. బాబురావు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు.

సక్కుబాయి ఆయాసపడుతూ దిగుడంతా దిగి వచ్చింది.

"మెల్లగనే ఆపినవా?"

"నువ్వే చూస్కో."

సక్కుబాయి బానెట్ ఎత్తి, పదకొండేళ్ల కింద అమ్మేసిన ఇంజన్ జాగాలోంచి, రేపటి ఇడ్లీకి నానబోసిన మినప్పప్పు గిన్నెను, అంచుదాకా ఉన్న నీళ్లు అంచుదాకా ఉండగానే, పైకి తీసింది.