తెర మీద అంతా నీలమే

కొండ మీది అబ్జర్వేటరీలో, భోజనాల బల్ల దగ్గరే గొడవ మొదలైంది.

“సార్, మీ లెక్కలో నెప్ట్యూన్‌కి జ్వరం వచ్చింది,” అంది సోలెన్, సూపులో రొట్టె ముంచుకుంటూ. “అంత చల్లటి గ్రహం అంత వేడి ఎలా చిమ్ముతుంది? పైన పలచటి పొగమంచు పొర ఉంది. కంటికి ఆనదని మీరు వదిలేశారు. కింది నుంచి వచ్చే వేడిని అదే మింగేస్తోంది.”

ప్రొఫెసర్ రుఫియాక్ చెంచా కింద పెట్టాడు. ఆయన పేరంతా ఆ లెక్క మీదే నిలబడి ఉంది.

“నిన్నగాక మొన్న వచ్చావు. నాకే పాఠం చెప్తావా?”

“మీకు కాదు సార్. పారిస్ సభలో అందరికీ చెప్తాను.”

కోటు తగిలించుకుని విసురుగా లేచింది. గుమ్మం దగ్గర గార్డు అర్నో అడ్డుపడ్డాడు.

“మబ్బు పట్టింది. దూరం పోకు అమ్మాయ్.”

“మా నాయనమ్మవా ఏంటి నువ్వు?” అని నవ్వి వెళ్లిపోయింది.

కాసేపట్లోనే మంచు తుఫాను కొండను కమ్మేసింది. సోలెన్ తిరిగి రాలేదు. ఫోను పలకలేదు.

అబ్జర్వేటరీకి ఎదురుగా, లోయకు అవతలి కొమ్ము మీద, ఒకప్పుడు టూరిస్టుల కోసం కట్టిన అద్దాల గది ఉంది. అలిగితే ఆమె కూర్చునేది అక్కడే. కానీ అక్కడికి పోయే సన్నటి దారి మహా పాపిష్టిది. కిందటి చలికాలం అర్నో తమ్ముణ్ణి మింగింది.

“అక్కడుందని తెలిస్తే తాడు కట్టుకుని నేనే పోతా,” అన్నాడు అర్నో. “తెలీకుండా మా కుర్రాళ్లని చావుకి పంపలేను.”

“తొందరపడకు. చూసి చెప్తాను.”

ప్రొఫెసర్ వేడిని చూసే కెమెరా తెచ్చాడు. ముందుగా దాన్ని పెరటి చివర నిలబడ్డ వంటావిడ వైపు తిప్పాడు. మంచులో కంటికి ఆనని మనిషి తెర మీద ఎర్రగా వెలిగింది.

“చూశావా? మనిషంటే నడిచే పొయ్యి. ఈ మంచులో కూడా దాక్కోలేడు.”

తర్వాత అద్దాల గది వైపు తిప్పాడు. తెర మీద అంతా నీలమే.

“లేదు అర్నో. అక్కడెవరూ లేరు. రోడ్డు వైపు దిగి ఉంటుంది.”

అందరూ రోడ్డు వైపు వెతికారు. గొంతులు పోయేలా పిలిచారు.

తుఫాను తగ్గాక సోలెన్ అద్దాల గదిలోనే దొరికింది. మోకాళ్లు ముడుచుకుని, కిటికీకి ఆనుకుని, అబ్జర్వేటరీ వైపే చూస్తూ ఉంది.

అర్నో అక్కడే కుప్పకూలాడు. “నేను పోవాల్సింది... పోకుండా ఆగాను.”

ప్రొఫెసర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. “నీ తప్పేం లేదయ్యా. మనం చూసేసరికే చల్లబడిపోయింది, పాపం పిల్ల. వెళ్లుంటే నీ ప్రాణం కూడా పోయేది.”

ఆ మాట పట్టుకునే అర్నో ఆ చలికాలం గట్టెక్కాడు.

వసంతంలో ప్రొఫెసర్ కొత్త లెక్క అచ్చయింది. పొగమంచు పొర చేర్చాడట. ఆయన గీసిన గీత, టెలిస్కోపు కొలతల మీద అతికినట్టు కూర్చుందట. మొదటి పేజీలో సోలెన్ స్మృతికి అంకితమిచ్చాడు. ఎంత పెద్ద మనసు అనుకుని అర్నో ఆ పేజీని తన గదిలో గోడకి అంటించుకున్నాడు.

వేసవిలో సందర్శకుల రోజు వచ్చింది. ప్రొఫెసర్ పారిస్‌లో సన్మానానికి వెళ్లాడు. ఆయన దగ్గర చదివే అమ్మాయి ఒకతి అదే కెమెరాతో జనానికి తమాషాలు చూపిస్తోంది.

“అర్నోగారూ, సిగ్గుపడకుండా ఇలా రండి!”

అతని ముఖం తెర మీద ఎర్రగా వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు.

“ఇక ఇది మా ప్రొఫెసర్‌గారు ఏటా మొదటి క్లాసులోనే చూపించే తమాషా,” అంటూ ఆ అమ్మాయి మామూలు కిటికీ అద్దం ఒకటి తెచ్చి అర్నో ముఖానికి అడ్డం పెట్టింది. అద్దంలోంచి అతనికి జనమంతా కనిపిస్తూనే ఉన్నారు, తెర మీద మాత్రం అంతా నీలమే.