చెరుకాకు

గొర్రెల మందను తోలుకొచ్చిన సిద్దమ్మ గట్టు మీదే ఆగిపోయింది. చెరుకు నరికిన అమృత తోటలో ఏటా మోకాలెత్తున పడి ఉండే ఆకు, ఈసారి ఒక్కటీ లేదు.

"ఆకు యాడికి పోయిందమ్మా?"

"పొద్దున లారీకి ఎత్తించేసినా సిద్దక్కా. దాంతో కరెంటు తీస్తారంట. ఊరికే దండగ పోతాది గదా అని..." అమృత మాట మధ్యలోనే ఆగిపోయింది.

పగలంతా గొర్రెలు ఆ ఆకు మేస్తాయి. రాత్రి అదే తోటలో పడుకుని ఎరువు వేస్తాయి. ఏటా జరిగేదే. ఈసారీ తలుపుల అనే ఊరి దాకా ఫోన్ చేసి మందను పిలిపించింది అమృతే. లారీ వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయింది.

సిద్దమ్మ తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. ఆమె మాత్రం తోట నడుమ వల కట్టి, అరుస్తున్న గొర్రెలను లోపలికి తోలింది.

"మేత లేని చోట ఎందుకక్కా? ఇంకో చేలోకి తోలుకుపో."

"వస్తానని నీకు మాటిచ్చినా గదమ్మా."

వల ముడి బిగించి, సిద్దమ్మ మొహమాటంగా తల దించుకుంది.

"కడుపులు ఖాళీగా ఉండాయి. ఈ తూరి ఎరువు తక్కువ పడతాది. ఏమీ అనుకోవద్దమ్మా."